హదీసు గురుమాత జైనబ్ బింతె కమాల్

హదీసు విద్య చరిత్ర చదివేటప్పుడు మనకు ఇమాముల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. ఆ ఇమాములకు పాఠం చెప్పిన స్త్రీలు కూడా ఎందరో ఉన్నారన్న సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. అలాంటి ఒక విదుషీమణిని ఈ నెల పాఠకులకు పరిచయం చేయదలిచాము. ఆమె పేరు జైనబ్ బింతె అహ్మద్ (రహ్మతుల్లాహి అలైహా). లోకం ఆమెను జైనబ్ బింతె కమాల్ అని పిలిచింది.

ఆమె హిజ్రీ 646 (క్రీ.శ. 1248)లో డమాస్కస్‌లోని మఖ్దిసీ వంశంలో జన్మించారు. ఈ వంశం వారిది ఫిలస్తీన్‌లోని నాబులస్ ప్రాంతం. శిలువ యోధుల పాలనలో బాధలు భరించలేక, ఆమె పుట్టడానికి దాదాపు వందేళ్ల ముందు వలస వచ్చి, డమాస్కస్ పక్కన ఖాసియూన్ కొండ వాలులో స్థిరపడ్డారు. ఆ పేటకు సాలిహియ్యా అని పేరు. అక్కడి కుటుంబాలలో మగపిల్లలతోపాటు ఆడపిల్లలను కూడా హదీసు సభలకు తీసుకువెళ్లడం ఆనవాయితీ.

ఇక్కడ ఒక విషయం వివరించాలి. హదీసు విద్యలో సనద్ అంటే గురుశిష్యుల గొలుసు. దైవప్రవక్త (సఅసం) వరకు ఈ గొలుసులో వ్యక్తుల సంఖ్య ఎంత తక్కువగా ఉంటే సనద్ అంత ఉన్నతమైనదిగా భావించేవారు. అందుకే పెద్దలు తమ పసిపిల్లల పేరిట, కాటికి కాళ్లు చాచిన వృద్ధ విద్వాంసుల నుండి ఇజాజత్ (ఉల్లేఖించే అనుమతి) రాయించి తెప్పించేవారు. ఆ బిడ్డ పెద్దయి, చదువు నేర్చి, దీర్ఘాయుష్షు పొందితే తరాల మధ్య దూరం తగ్గుతుందని వారి ఆశ.

జైనబ్ విషయంలో ఆ ఆశ నెరవేరింది. ఆమె పసితనంలోనే బగ్దాద్ నుండి, అలెగ్జాండ్రియా నుండి, ఇంకా ఎన్నో నగరాల నుండి ఆమె పేరిట ఇజాజత్‌లు వచ్చాయి. వాటిని ఇచ్చిన వారిలో బగ్దాద్‌కు చెందిన ఇబ్రాహీమ్ బిన్ మహ్మూద్ హిజ్రీ 648లో మరణించారు. అప్పటికి ఆమెకు రెండేళ్లు. ఆయనకూ, ఆమె చివరి శిష్యులకూ మధ్య తొంభై ఏళ్ల కాలం ఉంది. మామూలుగా అయితే ఆ దూరానికి ఇద్దరు ముగ్గురు గురువులు కావాలి. ఇక్కడ ఆమె ఒక్కరే సరిపోయారు.

ఆ తొంభై ఏళ్లు ప్రశాంతమైన కాలం కాదు. ఆమెకు దాదాపు పదేళ్ల వయసున్న రోజుల్లో, హిజ్రీ 656 (1258)లో మంగోలులు బగ్దాద్‌ను నేలమట్టం చేశారు. విద్వాంసులు హతమయ్యారు, గ్రంథాలయాలు నాశనమయ్యాయి. రెండేళ్లకు డమాస్కస్ కూడా వారి చేత చిక్కింది. ఆమె యాభై దాటాక, హిజ్రీ 699 (1300)లో మంగోలు సైన్యం మళ్లీ వచ్చి సాలిహియ్యా పేటనే దోచుకుంది. కూలిన బగ్దాద్ గురువుల ఇల్మ్ కొంత ఈ స్త్రీ దగ్గర భద్రంగా మిగలడం అల్లాహ్ ఏర్పాటు కాక మరేమిటి!

ఆమె సొంత జీవితంలోనూ పరీక్షలు ఉన్నాయి. చిన్నతనంలోనే కంటి జబ్బు వచ్చింది. జీవితాంతం వివాహం జరగలేదు. కన్నబిడ్డలు లేరు. ఇలాంటి స్త్రీని మన సమాజం ఏ కళ్లతో చూస్తుందో మనకు తెలుసు. అయ్యో పాపం అంటుంది, లేదా ఇంటికి భారమంటుంది. కానీ ఆమెను ఎరిగిన చరిత్రకారులు ఆమెను జాలిపడవలసిన మనిషిగా రాయలేదు. ఉన్నదానితో తృప్తిపడే స్వభావం, ఎవరి ముందూ చేయి చాచని ఆత్మగౌరవం, ఉదార హృదయం, మంచి నడవడిక ఆమె గుణాలని రాశారు. ఉర్దూలో మనం ఖనాఅత్ అనే గుణం ఇదే.

వయసు మీరేకొద్దీ ఆమె ఇల్మ్‌కు విలువ పెరిగింది. ఆ గురువుల నుండి ఇజాజత్ పొందిన తోటివారు ఒక్కొక్కరే కనుమూశారు. చివరికి ఒక ఒంటె మోయగలిగినన్ని హదీసు సంపుటాలకు ఆ ఇజాజత్ ఆమె ఒక్కరి దగ్గరే మిగిలింది. శిష్యులు గుంపులుగా వచ్చేవారు. పెద్ద పెద్ద గ్రంథాలను ఆమె ముందు చదివి వినిపించేవారు. ఒక్కోసారి పగలు చాలా భాగం అలాగే గడిచిపోయేది. అంత వయసులోనూ ఆమె విసుక్కునేవారు కాదు, మృదువుగా, ఓపికగా కూర్చునేవారు. ఇమామ్ జహబీ (రహ్మలై) తన గురువుల పరిచయ గ్రంథంలో ఆమెకు చోటిచ్చారు. హిజ్రీ 726 (1326)లో డమాస్కస్ వచ్చిన యాత్రికుడు ఇబ్నె బతూతా ఇరవై రెండేళ్ల యువకుడు. ఎనభై ఏళ్ల ఆ వృద్ధురాలి నుండి ఇజాజత్ పొందడాన్ని తన యాత్రా గ్రంథంలో ప్రత్యేకంగా పేర్కొన్నారు.

హిజ్రీ 740 (1339)లో, తొంభై ఏళ్లు దాటిన వయసులో ఆమె అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆమె మరణంతో ఆ సంపుటాల విషయంలో ప్రజల సనద్ ఒక మెట్టు కిందికి దిగిపోయిందని విద్వాంసులు బాధపడ్డారు. ఒక ముసలావిడ మరణాన్ని ఇల్మ్ లోకం అలా లెక్కగట్టింది. ఆమె పోయిన 33 ఏళ్లకు పుట్టిన ఇమామ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై) తన గ్రంథంలో ఆమె జీవితాన్ని పొందుపరిచారు. కన్నబిడ్డలు లేని ఆమె పేరు ఏడు శతాబ్దాలుగా శిష్యుల గొలుసులలో నిలిచి ఉంది.

పాఠకులారా! ఈ జీవితం నుండి మనం రెండు విషయాలు గ్రహించాలని మేము కోరుకుంటున్నాము. మొదటిది, ఆడపిల్ల ఒడిలో ఉన్నప్పుడే ఆమె ఇల్మ్ గురించి ఆలోచించిన పెద్దలు ఉన్నారు. మనం ఆడపిల్ల పుట్టగానే పెళ్లి ఖర్చు గురించి ఆలోచిస్తున్నాము. రెండవది, ఎనభై ఏళ్ల స్త్రీ చుట్టూ కూర్చుని వినడానికి ఆ కాలపు యువకులు దూరదేశాల నుండి వచ్చారు. మన దాదీమా, నానీమా మన ఇంట్లోనే ఒక మూల మంచం మీద ఉన్నారు. వారికి తెలిసిన దుఆలు, వారు తమ పెద్దల నుండి విన్న దీన్ మాటలు, వారు చూసిన కష్టసుఖాలు వారితోపాటే వెళ్లిపోతున్నాయి. ఈ రోజు ఇషా నమాజు తర్వాత పిల్లలను తీసుకుని ఒక్క పావుగంట వారి దగ్గర కూర్చోండి. వినేవారు దొరికితే వృద్ధాప్యం భారం కాదు.

అల్లాహ్ హజ్రత్ జైనబ్ బింతె కమాల్‌ను తన కారుణ్యంతో కప్పుగాక! మన ఇళ్లలోని పెద్దలకు ఆరోగ్యాన్ని, తృప్తిని, మనకు వారి విలువ తెలుసుకునే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.