సర్ థామస్ మన్రో: తన కీర్తి, పరుల భారము

ఆలూరు, ఆదోని సీమలలో ఆకాశము వంక చూడని రైతు లేడు. నల్లరేగడి నేల మంచిదే. వాన పడినచో జొన్నయు, కొఱ్ఱయు, పత్తియు పండును. పడనిచో విత్తిన గింజయు తిరిగి రాదు. ఇట్టి నేలపై ఎంత పన్ను వేయవలెనను నిర్ణయము ఒకప్పుడు ఒక పరదేశి అధికారి చేతికి వచ్చెను. ఎక్కువ వేసినచో అతనికి పైవారి మెప్పు లభించును. తక్కువ వేసినచో అసమర్థుడను పేరు వచ్చును. ఎక్కువ పన్ను భారము మోయవలసినవాడు మాత్రము మరియొకడు. లాభము ఒకరికి, బాధ మరియొకరికి కలుగు ఇట్టి ఘట్టములు మన ఇండ్లలోను, అంగళ్లలోను, కచేరీలలోను నిత్యము వచ్చుచునే యుండును. కావున ఆ అధికారి జీవితము తెలిసికొనదగినది.

థామస్ మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున ఒక వర్తకుని ఇంట జన్మించెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము వలన తండ్రి వ్యాపారము చితికిపోయెను. కుమారుడు ఈస్టిండియా కంపెనీ సేనలో చేరి 1780లో మద్రాసు వచ్చెను. హైదరాలీతోను, టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధములలో పాల్గొనెను. 1792 మొదలు 1799 వరకు సేలము సమీపమందలి బారామహలులో అలెగ్జాండర్ రీడ్ క్రింద పనిచేసి, భూమి శిస్తు వ్యవహారమును క్షుణ్ణముగా నేర్చెను. పిమ్మట కొలది కాలము కెనరాలో కలెక్టరుగా నుండెను.

1800 అక్టోబరులో నిజాము తన యొద్దనుంచిన కంపెనీ సేనల వ్యయమునకై బళ్లారి, కడప మున్నగు సీమలను కంపెనీకి ఒసగెను. ఇవియే దత్తమండలములు. నేడు కర్నూలు జిల్లాకు చెందిన ఆలూరు, ఆదోని, పత్తికొండ ప్రాంతములును వానిలోనివే. వానికి ప్రధాన కలెక్టరుగా మన్రో నియమితుడయ్యెను. అప్పటికి ఆ సీమలో సుమారు 80 మంది పాళెగాండ్రు ఉండిరి. మన్రో సేనల సాయముతో వారిని కఠినముగా అణచెను. తరతరముల అధికారము కోల్పోయినవారి దృష్టిలో ఆయన దయాశీలి కాడు. ఈ సంగతిని మరుగుపరచి ఆయనను పొగడుట సత్యము కాదు.

అయినను పల్లెలను ఆయన ఎరిగినట్లు ఎరిగిన అధికారులు తక్కువ. ఊరూర గుడారము వేసికొని, రైతులతోను, రెడ్లతోను, కరణములతోను మాటలాడుచు తిరిగెను. 1802లో పొలముల కొలత ప్రారంభింపజేసెను. నడుమ గుత్తదారు లేకుండ రైతు పేరనే పట్టా యిచ్చి, అతని యొద్దనే శిస్తు తీసికొను రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ఎద్దులకును, విత్తనములకును తక్కావి అప్పులు ఇప్పించెను.

ఆయనకు నిజమైన పరీక్ష ఇక్కడనే ఎదురయ్యెను. యుద్ధముల వలన కంపెనీ బొక్కసమునకు ధనము అవసరమై యుండెను. కలెక్టరు సామర్థ్యమును వసూలు చేసిన మొత్తమును బట్టియే పైవారు కొలుచుచుండిరి. మన్రో ఆ యొత్తిడికి లోబడక నిలువలేదు. ఆయన పరిపాలించిన ఏడేండ్లలో దత్తమండలముల శిస్తు నూటికి సుమారు 50 వంతులు పెరిగెను. కంపెనీ సంతసించెను. ఆయన కీర్తి వ్యాపించెను. కాని పొలములపై నిర్ణయించిన శిస్తు మొత్తము పంటలో నూటికి సుమారు 45 వంతులు ఉండెను. నాలుగు బస్తాలు పండినచో రెండింటికి కొంచెము తక్కువ సర్కారునకే పోవును. మిగిలిన దానిలో విత్తనము, ఎద్దుల మేత, కూలి, కుటుంబ పోషణము గడువవలెను. కరవు వచ్చిన యేట అప్పుచేయుట, లేదా ఊరు విడుచుట తప్ప రైతునకు వేరు మార్గము లేకుండెను.

పేరు సంపాదించిన మనిషి అంతటితో ఊరకుండవచ్చును. స్వదేశమునకు పయనము సిద్ధమైన మన్రో అట్లుండలేదు. 1807 ఆగస్టులో పైవారికి నివేదిక వ్రాసి, దత్తమండలముల శిస్తును నూటికి 25 వంతులు తగ్గింపవలెనని సిఫారసు చేసెను. బావులనుండి నీరు తోడి సాగుచేయు నేలలకు మరి 8 వంతులు తగ్గింపవలెననెను. పంటలో మూడవ వంతునకు మించి తీసికొన్నచో రైతు నిలువజాలడని ఆయన అభిప్రాయము. తాను పెంచిన శిస్తు అధికమని తన చేతి వ్రాతతోనే ఒప్పుకొనుటయే అది. దాని వలన ఆయనకు కలుగు లాభమేమియు లేదు.

పైవారు దానిని అంగీకరింపలేదు. ఆయన వెడలిన పిదప గ్రామములను గుత్తలకు ఇచ్చిరి. గుత్తదారులు పలువురు సొమ్ము చెల్లింపలేక చితికిపోయిరి. చెప్పవలసినది చెప్పితిని, వినకపోయిన పాపము వారిదే అని మన్రో చేతులు కడుగుకొనలేదు. ఇంగ్లండులో రైతువారీ పద్ధతి కొరకు వాదించుచునే యుండెను. 1820లో మద్రాసు గవర్నరు పదవి లభించినపుడు, పదమూడేండ్ల క్రిందట తాను కోరిన తగ్గింపును తానే అమలు చేసెను.

ఆయన మరియొక విషయమును గుర్తించెను. దేశీయోద్యోగులు లంచగొండులని తెల్లదొరలు నిందించుచుండిరి. చాలని జీతమిచ్చి, ఉన్నత పదవులు మూసివేసి, పిదప నిజాయితీ లేదనుట న్యాయము కాదని మన్రో వాదించెను. 1824 డిసెంబరు 31 నాటి సుదీర్ఘ లేఖనములో భారతీయులకు బాధ్యతగల ఉద్యోగములు ఇయ్యవలెనని వ్రాసెను. సేవకుని తప్పులో యజమానుని పాలు ఎంతయో విచారించిన మాట అది.

1827లో పదవి విడుచుటకు ముందు ఆయన దత్తమండలములను కడసారి చూడ బయలుదేరెను. ఆ పయనములోనే కలరా సోకి, జూలై 6వ తేదీన పత్తికొండలో మరణించెను. గుత్తిలో ఖననము చేసిరి. అనంతరము అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చిరి. అశ్వముపై కూర్చున్న ఆయన విగ్రహము 1839లో ఆ నగరమున ప్రతిష్ఠింపబడి నేటికిని నిలిచియున్నది. ఈ సీమ ప్రజలు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చెనను కథ జనుల నోట నిలిచెను. విగ్రహమును ప్రభుత్వములు నిలుపగలవు. ఊరిజనులు బిడ్డకు పెట్టుకొను పేరును ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపజాలదు.

బసవేశ్వరుడును కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండారియే. పరుల సొమ్ము చేతికి వచ్చు కొలువును ఆయన కాయకముగా నిర్వహించెను. కాయకమనగా కడుపు నింపుకొను పని మాత్రము కాదు. దాని ఫలము ఎవరికి చేరుచున్నదో, భారము ఎవరిపై పడుచున్నదో ఎరిగి చేయు పని. మన్రో ఆ మార్గము నెరిగినవాడు కాడు, పరప్రభుత్వ సేవకుడు, తప్పులు చేసినవాడు. అయినను తన మెప్పునకు కారణమైన అంకెలలో పరుల కన్నీరు కలదని గుర్తించి, దిద్దుటకు అవకాశము కలుగువరకు దానిని మరువలేదు.

తక్కెడ పట్టిన వర్తకుడు, కూలి లెక్కించు ఆసామి, మఠము లెక్కలు వ్రాయు కార్యకర్త దినదినము ఇట్టి నిర్ణయములు చేయుచునే యుందురు. స్వలాభము చూచుకొనని మనిషి అరుదు. కాని లెక్క ముగిసిన పిదప, ఇందు ఎదుటివాని పాలు న్యాయముగా చేరినదా యని ఒక్కసారి తిరిగి చూచుట అందరికిని సాధ్యమే. తప్పు కనబడినపుడు దిద్దుటకు పదమూడేండ్లు ఆగవలసిన పని మనలో చాలమందికి లేదు. సాయంకాలము అంగడి కట్టకముందే దిద్దవచ్చును.