చిత్రముద్రణాచార్యులు కీర్తిశేష కృష్ణారెడ్డిగారు

ఒక్క లోహపు రేకుపై నొక్కమారు కాగిత ముంచి యొత్తినంతనే పలువన్నెల చిత్రము వెలువడు విధానమును సాధించి, దేశదేశముల చిత్రకారులకు గురుస్థానీయులైన కృష్ణారెడ్డిగారు తెలుగుబిడ్డలని యెఱిగినవారు మనలో నల్పసంఖ్యాకులు. కావున వారి చరిత్రము నిందు సంగ్రహముగా వ్రాయుచున్నాను.

వీరు 1925 సం. జూలై 15వ తేదీని చిత్తూరు మండలమందలి నందనూరు గ్రామమున జన్మించిరి. బాల్యమున ఋషివ్యాలీ పాఠశాలలో చదివి, శాంతినికేతనమున నందలాల్ బోసుగారికి శిష్యులైరి. మద్రాసు కళాక్షేత్రమున కొంతకాలము చిత్రకళ బోధించి, పిమ్మట సీమకేగి లండనులో హెన్రీ మూరుగారి యొద్దను, పారిస్‌లో జాడ్కిన్‌గారి యొద్దను శిల్పవిద్య నభ్యసించిరి. పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటరుగారి ముద్రణశాలయగు ఆటెల్యే 17నందు ప్రవేశించి, క్రమముగా దానికి సహనిర్వాహకులైరి.

అంతకుమున్ను రంగుల చిత్రమునకు సాధారణముగా నొక్కొక్క వన్నెకు నొక్కొక్క రేకు కావలసియుండెను. వీరును, హేటరుగారును, కైకో మోతీగారును ఈ శ్రమను తొలగించు మార్గమును వెదకిరి. రేకును ఆమ్లముచేతను పనిముట్లచేతను పలులోతులుగా మలతురు. రంగులలో నూనె హెచ్చుతగ్గులుగా కలుపుదురు. గట్టి రబ్బరు రోలరు మిట్టలను మాత్రమే తాకును. మెత్తనిది పల్లములకు దిగును. నూనెలోని భేదముచే రంగు లొకదానితో నొకటి కలియక తమతమ తావుల నిలుచును. శిల్పియగుటచే కృష్ణారెడ్డిగారు రేకును రైతు చేనువలె మిట్టపల్లము లెఱిగి దున్నిరి. సుడిగుండము, అల, బీజాంకురము మొదలగువానిని వారు చిత్రించినపుడు బాహ్యరూపముతో తృప్తిపడక, నీటిలోని వేగమును, విత్తులోని పెనుగులాటను రేకుపైనే గరుకుగా, నునుపుగా మలచిరి. 1963లో రచించిన సుడిగుండము వీరి కృతులలో మిక్కిలి ప్రసిద్ధము.

భారత ప్రభుత్వమువారు 1972లో వీరిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. తరువాత న్యూయార్కు చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమున అనేకులకు ఈ విద్య నేర్పిరి. తాము కనుగొన్న మర్మమును దాచుకొనక, 1988లో గ్రంథరూపమున వెలువరించిరి. 2018 సం. ఆగస్టు 22వ తేదీని న్యూయార్కులో పరమపదించిరి.

మన మహాసభ జరుగు నీ కోకాపేటలో 2023లో ఎకరము నేల నూరు కోట్ల రూపాయలకు మించి వేలమున పోయినది. నేలకు వెలకట్టుట మనము చక్కగా నేర్చితిమి. ఆ నేలను, నీటిని కన్నులార చూచు విద్యను నేర్వగోరు బాలుడు మన యింట పుట్టినచో, అది అన్నముపెట్టని విద్యయని వానిని వారింతుము. పల్లెటూరి బాలునకు గురువులు దొరకుటచేతనే కృష్ణారెడ్డిగారు లోకమునకు లభించిరి. దాతలగు పోషకులు మన విద్యానిధిలో చిత్రకళాభ్యాసకులకు కొంత భాగము కేటాయింతురుగాక యని ప్రార్థించుచున్నాను.