బాలల న్యాయస్థానము

పోలండు దేశమునకు రాజధానియైన వార్సా నగరములో, క్రొఖ్మాల్నా వీథియందు, 1912వ సంవత్సరమున ఒక అనాథ శరణాలయము తెరువబడెను. అందు 7 మొదలు 14 ఏండ్ల వయసుగల యూదు బాలబాలికలు సుమారు 100 మంది ఉండిరి. వారిని పెంచు భారమును వహించినవాడు ఒక వైద్యుడు. ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. కాని 1898లో ఒక రచనల పోటీకై పెట్టుకొన్న యానుష్ కోర్చాకు అను మారుపేరే లోకమున నిలిచిపోయెను.

కోర్చాకు కలిగినవారి యింట పుట్టినవాడు. న్యాయవాదియగు తండ్రి మతి చలించి 1896లో మరణించుటతో ఆ కుటుంబము పేదరికమున పడెను. చదువుకొను వయసులోనే ఆయన ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి, తల్లికి ఆసరా యయ్యెను. పిమ్మట వైద్యము నభ్యసించి, బాలల వైద్యశాలలో పనిచేసి పేరు గడించెను. అయినను రోగము మాన్పిన బిడ్డను మరల ఆ ఆకలికి, ఆ మురికి సందులకే పంపుట ఆయనకు తృప్తి నీయలేదు. అందుచేత మంచి రాబడిగల వృత్తిని విడిచి శరణాలయమునకు వచ్చెను. స్టెఫానియా విల్చిన్‌స్కా అను విదుషీమణి ఆయనకు కుడిభుజమై నిలిచెను.

అచ్చట ఇంటిపనులను పిల్లలే పంచుకొనిరి. చీపురును చాటున దాచక, అందఱకు కనబడు చోట గౌరవముతో నుంచవలెనని కోర్చాకు పట్టు. క్రొత్తగా వచ్చిన బిడ్డకు పెద్దపిల్లలలో ఒకరు మూడు నెలలపాటు సంరక్షకులుగా నుండి, ఆ యింటి పద్ధతులు నేర్పుచుండిరి. నిన్నటివఱకు ఒకరి చేయి పట్టుకొని నడచినవాడు, మఱునాడు మఱియొకని చేయి పట్టి నడిపించుచుండెను. 20 మంది సభ్యులుగల పిల్లల శాసనసభయు నుండెను.

వీటన్నిటికంటె వింతయైనది వారి న్యాయస్థానము. ఎవరికైనను అన్యాయము జరిగినచో పలకపై ఫిర్యాదు వ్రాయవచ్చును. ఆ వారములో తమపై ఏ ఫిర్యాదును లేని పిల్లలలోనుండి చీట్లు వేసి ఐదుగురు న్యాయాధిపతుల నెన్నుకొనుచుండిరి. కోర్చాకు వ్రాసిన ధర్మశాసనములో మొదటి 99 అధికరణములును క్షమించుటకే ఉద్దేశింపబడినవి. నూఱవది మొదలుకొనియే నేరనిర్ణయము. కట్టకడపటిదైన 1000వ అధికరణము ప్రకారము శరణాలయమునుండి వెడలగొట్టవలెను.

ఇదంతయు మొదటినుండియు సాఫీగా సాగినదని తలపరాదు. శిక్ష పడదని తెలియగానే కొందఱు న్యాయస్థానమును ఆటగా చేసికొనిరి. నిష్కారణముగా ఫిర్యాదులు వ్రాయువారును బయలుదేరిరి. కోర్చాకు దానిని కొన్ని వారములు ఆపివేసి, లోపములు సవరించి మరల నెలకొల్పెను. అప్పటినుండి పిల్లలు పెద్దలమీద సయితము ఫిర్యాదు చేయవచ్చునని నియమ మేర్పడెను.

ఆ నియమమును కోర్చాకు మాటవరుసకు పెట్టలేదు. ఆఱు నెలలలో ఐదుసార్లు తనపై తానే ఫిర్యాదు వ్రాసికొనెను. ఒక బాలుని చెంప మీద కొట్టినందుకు ఒకసారి, ఒకనిని పడకగదినుండి గెంటినందుకు ఒకసారి, ఒకనిని మూల నిలబెట్టినందుకు ఒకసారి, న్యాయాధిపతిని అవమానించినందుకు ఒకసారి, దొంగతనము చేసెనని ఒక బాలికను అనుమానించినందుకు ఒకసారి. పెద్దవాడు తన తప్పును తాను పెంచిన పసివారి యెదుట ఒప్పుకొనుట చెప్పినంత సులభము కాదు. కాని పిల్లలకు తమ వ్యవహారములను తాము నడపుకొను శక్తి రావలెనన్నచో, పెద్దలు తమ పెత్తనములో కొంత వదలుకొనకతప్పదని ఆయన గ్రహించెను. పిల్లలను బాధింపకుండుటకు తన ప్రేమ యొక్కటియే చాలదనియు, తన కోపమునకు అడ్డునిలుచు చట్టముండవలెననియు ఆయన నమ్మిక.

1926 అక్టోబరు 9వ తేదీన ఆయన పిల్లల కొఱకొక వారపత్రికను ప్రారంభించెను. అందులోని వార్తలు, వ్యాసములు పిల్లలు వ్రాసినవే. అది 1939 సెప్టెంబరు 1వ తేదీవఱకు నడచెను. ఆ దినముననే జర్మనీ సేనలు పోలండుపై దండెత్తినవి.

1940లో యూదులనందఱను గోడలు కట్టిన పేటలో బంధించిరి. శరణాలయమును అచ్చటికే తరలింపవలసి వచ్చెను. పిల్లల సంఖ్య సుమారు 200 అయ్యెను. కోర్చాకు దినదినము ఇంటింటికి తిరిగి వారికి తిండి యాచించి తెచ్చెను. తప్పించుకొనుటకు మిత్రులు చూపిన త్రోవలను ఆయన అంగీకరింపలేదు. 1942 జులై 18వ తేదీన ఆ పిల్లలు రవీంద్రనాథ ఠాకూరు రచించిన డాక్‌ఘర్ నాటకమును ప్రదర్శించిరి. గదిలో బందీయై, రాజుగారి ఉత్తరము కొఱకు ఎదురుచూచు రోగియైన బాలుని కథ అది.

ఆగస్టు మొదటివారములో సైనికులు వచ్చిరి. పిల్లలు వరుసలు తీరి వీథిలో నడచిరి. కోర్చాకు, స్టెఫానియా వారితో కూడ నడచిరి. రైలుబండి వారిని ట్రెబ్లింకా మరణశిబిరమునకు కొనిపోయెను. తిరిగి వచ్చినవారు లేరు.

ట్రెబ్లింకాలో ఇప్పుడు వేలకొలది శిలలు నిలిపియున్నారు. పెక్కింటిమీద చెక్కినవి ఊళ్ల పేర్లు. ఒక్క శిలమీద మాత్రము ఒక మనుష్యుని పేరు కలదు. అది కోర్చాకుది. ఆ పేరు ప్రక్కనే, ఆయన పిల్లలును పేర్కొనబడిరి.