కోడి రామమూర్తి కాలు తీసినప్పుడు

కోడి రామమూర్తి నాయుడు పేరు చెబితే ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లకు వెంటనే గుర్తొచ్చేవి మూడు. ఛాతీ మీదికెక్కిన ఏనుగు, ఊపిరి బిగించగానే తెగిపోయిన ఇనుప గొలుసు, కదలకుండా పట్టి ఆపిన కార్లు. వీటన్నిటికన్నా పెద్ద సాహసంగా చెప్పుకునేది ఇంకొకటుంది. రాచపుండు లేచి కాలు తీసేయాల్సి వచ్చినప్పుడు ఆయన మత్తుమందు వద్దన్నారని, ప్రాణాయామంలో కూర్చుని కాలు కోయించుకున్నారని. ఈ కథను మనం ఇన్నేళ్లుగా ఎలా వాడుకుంటున్నామన్నదే నన్ను ఇబ్బంది పెట్టే విషయం. నడుంనొప్పితో మూలుగుతున్న మనిషికి, ఆయన కాలే కోయించుకున్నాడు, నువ్వు ఈపాటి ఓర్చుకోలేవా అని చెప్పడానికి ఇలాంటి కథలు బాగా పనికొస్తాయి.

ముందు మనిషి గురించి. రామమూర్తి 1882లో వీరఘట్టంలో పుట్టారు. అప్పట్లో శ్రీకాకుళం ప్రాంతం, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు పిల్లవాణ్ని విజయనగరంలో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపారు. బడి చదువు మీద కన్నా వ్యాయామశాల మీద ధ్యాస ఎక్కువ. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. దేశమంతా తిరిగారు, రంగూన్ వెళ్లారు, లండన్ వెళ్లారు. ఇండియన్ హెర్క్యులస్ అన్నారు, కలియుగ భీముడన్నారు. ఏనుగు ఛాతీ మీద ఎన్ని నిమిషాలు నిలబడిందన్నది చెప్పేవాళ్లను బట్టి మారుతుంది గానీ, ఆ ప్రదర్శనలకు జనం విరగబడి వచ్చేవారనడంలో ఎవరికీ భేదం లేదు. సంపాదించింది చేతికి ఎముక లేకుండా ఇచ్చేశారని కూడా అందరూ చెబుతారు.

తర్వాత పుండు. తర్వాత ఆపరేషన్.

ఆ కాలంలో క్లోరోఫామ్ వద్దనడం మనకిప్పుడు అనిపించేంత వింత కాదు. 1847లో వాడుకలోకి వచ్చిన ఆ మందు కొందరిని బల్ల మీదే చంపేసింది. ఎందుకు చంపుతోందో తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాద్‌లోనే నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో రెండు కమిషన్లు కూర్చున్నాయి. చూసుకోవాల్సింది గుండెను కాదు, శ్వాసను అని తీర్పు చెప్పాయి. ఆ తీర్పు పూర్తిగా నిలబడలేదు. క్లోరోఫామ్ గుండె లయను ఉన్నట్టుండి దెబ్బతీయగలదని 20వ శతాబ్దం మొదట్లో తేలింది. కాబట్టి ఆ రోజుల్లో మత్తుకు వెనకాడిన మనిషిని మొండివాడని కొట్టిపారేయలేం.

సర్కస్ రోజులు గడిచాక రామమూర్తి ఒడిశా సంస్థానమైన పట్నా రాజుల ఆదరణలో బలంగీర్ చేరారు. అప్పటికి మనవాళ్లకు ఆ దిక్కు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణాల్లో స్థిరపడ్డాయి. విజయనగరం నుంచి కొండలు దాటి రాయపూర్ వెళ్లే లైను 1931లో పూర్తయింది. బలంగీర్‌లోనే 1942 జనవరిలో ఆయన కన్నుమూశారు.

అది జరిగిన రెండేళ్లకు, 1944 జనవరిలో, ఇటలీలోని ఆంజియో తీరంలో మిత్రసేనలు దిగాయి. అక్కడ గాయపడిన సైనికులను చూసిన అమెరికన్ మత్తు వైద్యుడు హెన్రీ బీచర్‌కు ఒక విషయం మింగుడుపడలేదు. ఎముకలు విరిగి, పొట్ట చీలి వచ్చినవాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు నొప్పిమందు అక్కర్లేదన్నారు. వాళ్లు స్పృహలోనే ఉన్నారు, సూది సరిగా గుచ్చకపోతే విసుక్కుంటూనే ఉన్నారు. గాయం ఎంత పెద్దదైతే నొప్పి అంత పెద్దదన్న లెక్క అక్కడ తప్పింది.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ దీనికి ఒక దారి చూపించారు. గాయం నుంచి వచ్చే కబురు నేరుగా మెదడుకు చేరదు. వెన్నుపాములో ఒక ద్వారం దగ్గర ఆగుతుంది. దాన్ని ఎంత తెరవాలో, ఎంత మూయాలో చెప్పేవాటిలో మెదడూ ఒకటి. నాలుగేళ్ల తర్వాత డేవిడ్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడు ఎలుకల మధ్యమెదడులో ఒక చిన్న బూడిదరంగు ప్రాంతానికి సన్నటి కరెంటు ఇచ్చి, మత్తు లేకుండానే పొట్ట కోసి కుట్టాడు. ఎలుకలు గింజుకోలేదు. ఆ ప్రాంతం నుంచి మెదడు కాండం మీదుగా వెన్నుపాము దాకా ఒక దారి దిగుతుందని, 1975లో ఎన్‌కెఫలిన్ల పేరుతో బయటపడ్డ శరీరపు సొంత నల్లమందులు ఆ దారిలో పనిచేస్తాయని తర్వాత తెలిసింది.

రామమూర్తి ఆపరేషన్ కథ నిజమయ్యే అవకాశం ఉంటే అది ఈ దారి గుండానే. ఏళ్ల తరబడి వ్యాయామం చేసినవాళ్లకు నొప్పి మొదలయ్యే హద్దు మనకన్నా పెద్ద తేడాగా ఉండదు. తట్టుకునే హద్దు మాత్రం ఎక్కువని క్రీడాకారుల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. నెమ్మదిగా శ్వాస తీసుకుంటే నొప్పి కొంత తగ్గినట్టు అనిపిస్తుందనీ ప్రయోగాల్లో కనిపించింది. కాలు కోయించుకునేంతగా తగ్గుతుందని మాత్రం ఏ ప్రయోగమూ చూపలేదు. ఆయన నొప్పి తెలియక కూర్చున్నారని నేననుకోను. తెలిసే కూర్చున్నారనుకుంటాను.

కానీ అది కొంతసేపటి నొప్పి. ఎప్పుడు మొదలవుతుందో, ఎందుకో, ఎప్పుడు ఆగుతుందో తెలిసిన నొప్పి. మూడు నెలలు దాటాక కూడా వదలని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. దాని నడక వేరు. పదేపదే కబురు అందుకున్న వెన్నుపాములోని నాడీకణాలు చురుకెక్కి, చిన్న తాకిడికే పెద్దగా అరవడం మొదలుపెడతాయని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో చూపించాడు. ఇంకా చిక్కేమిటంటే, మెదడు నుంచి కిందికి దిగే ఆ దారి రెండువైపులా పనిచేస్తుంది. మెదడు కాండంలో నొప్పిని అణిచే కణాల పక్కనే దాన్ని ఎగదోసే కణాలున్నాయి. నిద్రలేమి, భయం, దిగులు ఈ తూకాన్ని చెడగొట్టగలవు. పుండు మానినా నొప్పి మానదు. అంటే పహిల్వాన్‌ను కూర్చోబెట్టిన దారే పక్కింటావిడ నడుంనొప్పిని రెట్టింపు చేస్తోందేమో. ఇక ఓర్చుకోమని ఎవరికి చెబుతాం?

ఇక్కడే డాక్టర్ల గదుల్లో ఒక అపార్థం జరుగుతుంటుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు, డ్యులోక్సెటిన్ రాశారు. ఇంటికెళ్లి ఫోన్‌లో చూస్తే అది డిప్రెషన్ మందు. నాకు పిచ్చి అనుకుంటున్నారని ఆ మనిషి మందు పారేస్తుంది. నిజానికి ఆ మందు, మెదడు నుంచి వెన్నుపాముకు దిగే దారిలో సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ పలుచబడకుండా చూస్తుంది. డిప్రెషన్ లేనివాళ్లకు కూడా నొప్పి తగ్గించగలదు. అందరికీ పనిచేయదు. అయితే రాసిచ్చేటప్పుడు ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నొప్పి మెదడులో తయారవుతుందనడానికీ, నొప్పి ఒట్టి ఊహ అనడానికీ మధ్య ఉన్న తేడా అంతా అక్కడే ఉంది.

రామమూర్తి కథలన్నీ ఆపరేషన్ బల్ల దగ్గరే ఆగిపోతాయి. కాలు పోయినవాడికి అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. కాలు తీసేసినవారిలో సగం మందికి పైగా లేని కాలు నొప్పి పెడుతుంది. లేని పాదం మడత పడినట్టు, లేని వేళ్లు బిగుసుకుపోయినట్టు. అమెరికా అంతర్యుద్ధ సైనికులకు వైద్యం చేసిన వైర్ మిచెల్ 1871లోనే దానికి మాయా అవయవం అని పేరు పెట్టాడు. పోయిన అవయవం మెదడులోని పటం నుంచి చెరిగిపోదు. ఏ ప్రాణాయామంతోనైనా కొన్ని గంటలు గడపొచ్చు. ఏళ్లు గడపడం వేరే పని.

దానికి మందులకన్నా చవకైన ఒక ఉపాయాన్ని మద్రాసులో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో కనిపెట్టారు. ఉన్న కాలో చెయ్యో అద్దంలో చూపించి, లేనిది కదులుతోందని మెదడును నమ్మించడం. కొందరికి ఆ బిగుసుకున్న వేళ్లు విచ్చుకున్నాయి. బలంగీర్‌లో రామమూర్తి పోయి అప్పటికి యాభై ఏళ్లు దాటింది.