రోనాల్డ్ రాస్ – కీటకవిద్య

ఇంటర్మీడియట్ ముగించి పురుగులను గురించి చదువుతానని సదాశివనగర్ ప్రాంతపు విద్యార్థి ఎవరైనా అంటే, ఇంటివారు మొదట నవ్వుతారు. పిదప ఆ చదువుకు ఉద్యోగమెక్కడిదని అడుగుతారు. ఆ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. అయితే కీటకశాస్త్రం తెలియనందువలన మన సికింద్రాబాదులోనే ఏండ్లకొద్దీ చీకటిలో తడుముకొన్న ఒక వైద్యుని జీవితాన్ని పాఠకుల ముందుంచదలచినాము.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ సానువులలోని ఆల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. ఎనిమిదవ ఏట బాలుణ్ణి విద్యాభ్యాసానికై ఇంగ్లండు పంపారు. రాస్ మనస్సు కవిత్వం మీద, సంగీతం మీద ఉండేది. తండ్రి పట్టుదల వలన 1874లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్య కళాశాలలో చేరవలసివచ్చింది. తండ్రులు నిర్ణయించే చదువులు మన కాలానికే పరిమితం కావన్నమాట! 1881లో ఆయన భారత వైద్య సర్వీసులో ప్రవేశించారు.

1894లో సెలవుపై లండను వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియా క్రిములను సూక్ష్మదర్శినిలో చూపి, ఆ జ్వరానికీ దోమలకూ సంబంధముండవచ్చునన్న ఊహను అందించారు. 1895లో సికింద్రాబాదు చేరిన రాస్ దోమలను కోసి పరీక్షించసాగారు. బూడిదరంగువి, చారలవి లెక్కలేనన్ని ఆయన బల్లపై ముక్కలైనాయి. ఫలితం శూన్యం. శ్రద్ధాలోపం కాదు, అవి క్యూలెక్స్, ఏడిస్ దోమలు. మానవ మలేరియాను మోసేది అనాఫిలిస్. దోమలలో ఎన్ని జాతులున్నవో, ఏ జాతి ఎటువంటి నీటిలో గ్రుడ్లు పెడుతుందో ఆయన చదివిన వైద్యవిద్య చెప్పలేదు. నడుమ కలరా పనిపై బెంగుళూరు వెళ్ళవలసివచ్చింది. 1897లో నీలగిరులలో ఆయనకే మలేరియా సోకింది.

ఆ యేడే మరల సికింద్రాబాదు. సహాయకులు తెచ్చిన డింభకాల నుండి ఆగస్టులో, రెక్కలపై మచ్చలుగల గోధుమవర్ణపు దోమలు వెలువడినాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున, వాటికి తన రక్తమిచ్చాడు. పది దోమలకు పది అణాలు. నోబెల్ బహుమానం వరకు సాగిన ఈ గాథలో ఆ పది అణాల వాటాను తలచకుండా ముందుకు పోవడం మాకు న్యాయమనిపించదు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినాయి. ఆగస్టు 20న దోమ జఠరకుడ్యంలో నల్లని రేణువులతో కూడిన కణాలు రాస్ కంటబడినాయి.

మరుసటి యేడు కలకత్తాలో, మహమ్మద్ బక్స్ అనే సహాయకుని తోడ్పాటుతో, పక్షుల మలేరియా దోమకాటు ద్వారా సంక్రమిస్తుందని నిరూపించారు. మానవులలో ఆ క్రమాన్ని చూపినది ఇటలీకి చెందిన గ్రాస్సీ బృందం. ఆ ఇరువురి కలహం ఎవరికీ శోభ కూర్చలేదు. 1902లో రాస్‌కు నోబెల్ లభించింది.

మాకు ఇంకను విలువైనవిగా తోచేవి ఆయన తరువాతి గణనలు. మలేరియాను అణచడానికి దోమలను సమూలంగా నిర్మూలించనక్కరలేదనీ, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువన ఉంటే చాలుననీ 1911 నాటికి గణితంతో చూపారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం డి.డి.టి. చల్లినవారు ఈ మితాన్ని మరచినారు. ఆ మందు దోమతోపాటు తేనెటీగను, దోమపిల్లలను తిని మనకు మేలుచేసే తూనీగను కూడ చంపింది. దోమలు మాత్రం క్రమంగా దానికి తట్టుకొని బ్రతికినాయి.

కనుక ఈ విద్యను కోరే విద్యార్థి తన మూడేండ్లను ఎట్లు దిద్దుకోవాలి? బి.ఎస్సీ.లో జంతుశాస్త్రంతోపాటు వృక్షశాస్త్రం తప్పనిసరి. మొక్క తెలియనివానికి పురుగు తెలియదు. గణాంకశాస్త్రాన్ని భయపడి విడువరాదు. పంటల వైపు మొగ్గేవారికి రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయమున్నది. అంతకంటె ముఖ్యం, వారానికొకసారి ఒకే చెరువుగట్టుకు, ఒకే వరిమడికి పోయి, కనిపించిన కీటకమేదో, ఎన్నో, ఏ మొక్కపైనో తేదీతో వ్రాసుకోవడం. రాస్‌కు తొలినాళ్ళలో కొరవడినది ఈ పరిచయమే.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించారు. ఆయన దోమను పరిశీలించిన బేగంపేట భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందినది. సదాశివనగర్ నుండి వెళ్ళి చూచిరావడానికి ఒక్క దినం చాలును.