కుందేళ్లు పెంచిన కూపర్ గారు

ఇంగ్లండు కీర్తనకారుడు విలియం కూపర్ గారు (1731–1800) 1763లో మనోవ్యాధితో ప్రాణం తీసుకోబోయారు. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ గారి ఆసుపత్రిలో ఏడాదిన్నర ఉండి కోలుకున్నారు. వైద్యానికి వెళ్లడం విశ్వాసలోపమనే మాట మన సంఘాల్లో ఇంకా వింటున్నాము. ఆయనకు విశ్వాసం కుదిరింది ఆ ఆసుపత్రిలోనే.

1773లో ఆల్నీలో జబ్బు తిరగబెట్టింది. మేరీ అన్విన్ అనే విధవరాలు రాత్రింబగళ్లు కనిపెట్టుకున్నారు. మరుసటి ఏడు పొరుగు పిల్లల కుందేలుపిల్ల ఒకటి ఆయన చేతికి వచ్చింది. అది మూడయ్యింది. వాటికి గూళ్లు తానే చేశారు. రాత్రి భోజనమయ్యాక తివాచీ మీద గంతులేయనిచ్చేవారు. ఒకటి జబ్బుపడితే మూడు రోజులు తానే సేవచేసి బ్రతికించారు. తనను ఒకరు చూసుకోవాల్సిన మనిషికి, తాను చూసుకోవలసిన ప్రాణం దొరికిందన్నమాట! మందుకంటె ఇది తక్కువ కాదని మేము తలుస్తాము.

తోటపని, వడ్రంగం, పిమ్మట కవిత్వం. 1785లో ‘ది టాస్క్’ అచ్చయింది. 1787లో మళ్లీ జబ్బు. లేచి, 1791కి హోమరు కావ్యాల అనువాదం వెలువరించారు. 1796లో మేరీ గారు పోయాక మాత్రం తేరుకోలేదు.