కొవ్వొత్తి మేష్టారు ఫారడే

సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసిపెట్టమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, అణుశక్తి మీదో అంతరిక్షం మీదో రాసి పేరు తెచ్చుకుందామనే అనుకున్నాను. కాని యెన్.యెస్.యెస్. శిబిరంలో నాకు జరిగిన పరాభవం ఒకటి ఆ పని చేయనివ్వలేదు. శిబిరం జరిగిన పల్లెలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు గంటసేపు సైన్సు చెప్పమని నన్ను పంపారు. కెమిస్ట్రీ చదువుతున్నవాణ్ణి గదా అన్న ధీమాతో బోర్డు మీద కొవ్వొత్తి బొమ్మ గీసి, దహనం అంటే యేమిటో నిర్వచనం చెప్పి, పిల్లలచేత రెండుసార్లు వల్లె వేయించాను. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె లేచి, కాలేది మైనమే అయితే మధ్యలో వొత్తి యెందుకు సార్ అని అడిగింది. వొత్తి లేకపోతే వెలగదమ్మా అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలిసిపోయింది. మారు మాట్లాడకుండా కూర్చుంది.

తిరిగి వచ్చాక లైబ్రరీలో వెతికితే ఆ ప్రశ్నకు జవాబు మైకేల్ ఫారడే పుస్తకంలో దొరికింది. ఫారడే అనగానే మనకు విద్యుత్ప్రేరణ, విద్యుద్విశ్లేషణ నియమాలు, పరీక్షలో పది మార్కులు గుర్తుకొస్తాయి. ఆయన పిల్లల మేష్టారని నాకు అంతవరకూ తెలియదు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివారున పుట్టాడు. తండ్రి కమ్మరి, పైగా రోగిష్టి. 1801లో ధరలు మండిపోయినప్పుడు ఈ కుర్రవాడికి వారానికి ఒక రొట్టె చొప్పున ఇచ్చి, దానితోనే సరిపెట్టుకోమన్నారట. బడిలో నేర్చింది చదవడం, రాయడం, కాస్త లెక్కలు, అంతే. పదమూడో యేట రీబో అనే పుస్తకాల వర్తకుడి దగ్గర పనికుర్రాడుగా చేరి, మరుసటి యేడు బైండింగు పని నేర్చుకోవడానికి ఏడేళ్ళ ఒప్పందం మీద కుదురుకున్నాడు.

బైండింగుకు వచ్చిన పుస్తకాలే అతని కాలేజీ. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీది వ్యాసం, జేన్ మార్సెట్ అనే ఆవిడ సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్ర గ్రంథం అతన్ని పట్టేశాయి. చదివి వూరుకునే రకం కాదు. వారానికి కొద్ది పెన్నీలు ఖర్చుపెట్టి, చదివిన ప్రయోగాల్లో తన తాహతుకు అందినవల్లా తానే చేసి చూసేవాడు. సీసాతో చిన్న విద్యుత్ యంత్రం కూడా తయారుచేసుకున్నాడు. అచ్చులో వున్నంత మాత్రాన నమ్మకూడదు, చేసి చూశాకే నమ్మాలి అన్న పట్టుదల అప్పుడే మొదలై, చివరిదాకా వదలలేదు.

1812లో దుకాణానికి వచ్చే ఖాతాదారు ఒకాయన, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినడానికి టిక్కెట్లిచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, సుమారు 300 పేజీల నోట్సు బొమ్మలతో సహా రాసి, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపి, ఉద్యోగం అడిగాడు. ఖాళీ లేదు పొమ్మన్నారు. కొన్నాళ్ళకు అక్కడి సహాయకుడు ఒకడు కొట్లాటకు దిగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అలా 1813 మార్చిలో ఫారడే గాజుగొట్టాలు కడిగే పనిలో చేరాడు. అదే సంవత్సరం డేవీ వెంట యూరప్ యాత్రకు వెళ్ళి, డేవీ భార్య నౌకరుగా చూస్తే అదీ భరించాడు.

తరువాతి కథ మన టెక్స్టుబుక్కుల్లో వున్నదే. 1825లో బెంజీన్ కనుక్కున్నాడు. 1831లో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి, తీసి, విద్యుత్తు పుట్టించాడు. ఇవాళ మన కరెంటు జనరేటర్లన్నిటికీ మూలం అదే. పెద్ద గణితం రానివాడు కాబట్టి ఇనుపరజనులో కనబడే గీతలను చూసి బలరేఖల భావన కల్పించాడు. దానికి గణితరూపం ఇచ్చినవాడు మాక్స్‌వెల్.

నాకు కావలసిన ఫారడే మటుకు క్రిస్మస్ సెలవుల్లో పిల్లల ముందు నిలబడిన ఫారడే. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో మొదలైన ఈ పిల్లల ఉపన్యాసాలను ఆయన 1827 నుంచి 1860 దాకా పంతొమ్మిది పర్యాయాలు ఇచ్చాడు. ఆయనకు పిల్లలు లేరు. పేరు ప్రఖ్యాతులు వచ్చాక ఈ పని మానుకున్నా అడిగేవాడు లేడు. ఉపన్యాసం చెప్పడం పుట్టుకతో వచ్చిందనుకునేరు. మాట్లాడే తీరు కోసం గురువును పెట్టుకుని నేర్చుకున్నాడు. మాటల్లో వేగం హెచ్చకుండా, నెమ్మదిగా అని రాసిన అట్ట ఎదురుగా పెట్టుకునేవాడట.

1848లో ఒకసారి, 1860లో మరోసారి ఆయన యెంచుకున్న విషయం కొవ్వొత్తి. ఆరు ఉపన్యాసాలు. విలియం క్రుక్స్ సంపాదకత్వాన 1861లో అవి పుస్తకంగా వచ్చాయి. కొవ్వొత్తి అందరి యింట్లో వుండేదే. బల్లమీద ప్రయోగం చేసింది ఆయనే, పిల్లలు బెంచీల మీద కూర్చుని చూసినవాళ్ళే, నిజమే. అయితే వాటిలో చాలావాటిని ఇంటికి వెళ్ళి పిల్లలు తామే చేసుకోవచ్చు.

ఇక వొత్తి సంగతి. మంట వేడికి పైనున్న మైనం కరుగుతుంది. చుట్టూ పైకి లేచే గాలి అంచును చల్లబరచడంవల్ల చిన్న గిన్నెలా ఏర్పడి, కరిగిన మైనం అందులో నిలుస్తుంది. తువ్వాలు కొస నీళ్ళలో వుంటే తడి పైకి యెగబాకినట్టు, ఆ మైనం వొత్తి వెంట పైకి పాకి, వేడికి ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరే. ఋజువు కావాలా? కొవ్వొత్తిని మెల్లిగా ఆర్పి, లేచే తెల్లని పొగకు రెండంగుళాల దూరంలో అగ్గిపుల్ల పట్టండి. మంట పొగ వెంట దూకి వొత్తిని అంటుకుంటుంది. దళసరి కాగితాన్ని మంటకు అడ్డంగా ఒక్క క్షణం పట్టి తీసేస్తే, కాగితంమీద నల్లని వలయం పడుతుంది, నడుమ భాగం కాలదు. మంట లోపల కంటే అంచునే వేడి యెక్కువని ఆ కాగితమే చెబుతుంది.

అక్కడితో ఆగలేదు ఆయన. మంట మీద చల్లని పాత్ర పట్టి నీటి బిందువులు చూపించాడు. సున్నపు తేట తెల్లబడటం చూపించాడు. చివరి ఉపన్యాసంలో, మన ఊపిరి కూడా అదే సున్నపు తేటను తెల్లబరుస్తుందని చూపి, మన శరీరంలోనూ ఒక విధమైన దహనం నిత్యం జరుగుతూ వుందని పిల్లలకు నచ్చజెప్పాడు. కొవ్వొత్తితో మొదలుపెట్టి పిల్లవాడి ఊపిరి దగ్గర ముగించాడన్నమాట.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నాడు, సర్ బిరుదు వద్దన్నాడు. 1862లో ప్రభుత్వ కమిషన్ ముందు హాజరై, బడుల్లో సైన్సును నిర్లక్ష్యం చేస్తున్నారని సాక్ష్యం చెప్పాడు. చివరి సంవత్సరాల్లో జ్ఞాపకశక్తి బాగా తగ్గిపోయింది. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు.

ఇదంతా చదివాక నాకు మొదట కలిగింది సిగ్గు. మూడేళ్ళు కెమిస్ట్రీ చదివినా, నేను ఒక్కసారి కూడా కొవ్వొత్తిని తిన్నగా చూడలేదు. ఒక ఆదివారం అర డజను కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, తమలపాకుల్లోకి వాడే సున్నం కొనుక్కుని మళ్ళీ ఆ వూరు వెళ్ళాను. వాళ్ళ టీచరుగారు పక్కనే నీళ్ళ బకెట్టు పెట్టుకు కూర్చున్నారు. ముందునాడు నీళ్ళలో కలిపి తేర్చిన సున్నపు నీటిలో, పీల్చకండర్రా అని పదిసార్లు చెప్పి, పిల్లలచేత గొట్టంతో ఊదించాను. ఆ అమ్మాయి చేతికే అగ్గిపుల్ల ఇచ్చాను. మొదటిసారి మంట దూకలేదు. రెండోసారీ దూకలేదు, గాలికి పొగ చెదిరిపోయింది. టీచరుగారు తలుపు దగ్గరగా వేశారు. మూడోసారి దూకింది. అయితే పొగే కాలుతోంది, వొత్తి మైనాన్ని పైకి తెస్తోంది అని ఆ పిల్ల తనంతట తానే అంది. నేను చెప్పవలసింది యేమీ మిగల్లేదు.

మిత్రులారా, మన కాలేజీకి నాలుగు దిక్కులా ప్రాథమిక పాఠశాలలున్నాయి. సైన్సు విద్యార్థి ఒక్కొక్కడు యేడాదికి ఒక్క ఆదివారం, ఒక్క బడి చొప్పున తీసుకోలేడా? ఖర్చు ఒక సినిమా టిక్కెట్టంత కాదు. పిల్లల ప్రశ్నలకు మాత్రం తయారుగా వెళ్ళండి. నేను వెళ్ళినట్టు వెళ్ళకండి.